రసీదు లేని రాత్రి

"ఆ రాత్రి ఎక్కడ పడుకున్నవ్?"

భూషణ్ ఆ ప్రశ్న మళ్లీ అడిగాడు. ఓంప్రకాష్ మళ్లీ నేల చూశాడు.

భివండీ సర్కారు విశ్రాంతి గృహంలో ముందు గది. బల్లకు ఒకవైపు భూషణ్, శాఖ విజిలెన్స్ అధికారి. షోలాపూర్ తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, వయసు నలభై లోపే. ఎదురుగా ఓంప్రకాష్, అదే శాఖ పుణె ఆఫీసులో మగ్గాల ఇన్‌స్పెక్టర్. పక్క కుర్చీలో గుండేటి ఆగయ్య. సీఐడీలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, ధామన్కర్ నాకా దగ్గర మందుల దుకాణం మీద ఒక గది తీసుకొని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. విచారణ ఎదుర్కొనే ఉద్యోగి తనకు సాయంగా ఒక రిటైరైన ఉద్యోగిని తెచ్చుకోవచ్చని రూలుంది. ఓంప్రకాష్ భార్య ప్రగతి నిన్న ఆ గది మెట్లెక్కి ఆగయ్యను అడిగింది. ఫీజు మాట ఎత్తబోతే ఆగయ్య, "ముందు ఉద్యోగం నిలవనీ బిడ్డా" అన్నాడు.

కేసు చిన్నదిగానే కనిపిస్తుంది. పోయిన నెల ఓంప్రకాష్ టూరు మీద భివండీ వచ్చి, శాంతి నగర్‌లో శ్రీరాములు సేఠ్ షెడ్డు చూశానని రిపోర్టు రాశాడు. సర్కారు సబ్సిడీ కోసం సేఠ్ చూపించిన కొత్త సాంచెలు, అంటే మరమగ్గాలు, కొత్తవి కావు, పాతవాటికి రంగు వేశారు, డబ్బు ఇవ్వొద్దు అని. ఆ రిపోర్టు నిలిస్తే సర్కారు సొమ్ము మిగులుతుంది. ఓంప్రకాష్ అసలు భివండీకే రాలేదని తేలితే రిపోర్టు చిత్తుకాగితం. డబ్బు సేఠ్‌కు, ఇంటిదారి ఓంప్రకాష్‌కు.

"సరే, ఎట్ల వచ్చినవో చెప్పు."

"టెంపోల సార్. పుణె నుంచి నూలు బేళ్లతోని వస్తుంటే ఎక్కిన."

"టెంపో నంబరు?"

"చూసుకోలె."

"డ్రైవర్ పేరు?"

"చాచా అని పిలిచిన."

"చాచా." భూషణ్ కాగితం మీద రాసుకున్నాడు. "మొదటి సాక్షి, చాచా. బస్సు ఛార్జీ ఎందుకు అడగలే?"

"బస్సు ఎక్కలేదు కద సార్."

ఆగయ్యకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి తిప్పాడు.

"దినభత్యం నాలుగో వంతే రాసుకున్నవ్" అన్నాడు భూషణ్.

"తిండి, పడక రెండూ ఊరికెనే దొరికితే నాలుగో వంతే రావాలె సార్. రూలు గదే."

"రూలు నాకు నేర్పకు. ఊరికె ఎవరు పెట్టిన్రు? ఎవని షెడ్డు చూసెతందుకు వచ్చినవో వాని ఇంట్ల తిన్నవా?"

"లేదు సార్!" ఓంప్రకాష్ గొంతు మొదటిసారి లేచింది. "సేఠ్‌కు నేను వచ్చినట్టు కూడ తెల్వదు. ముందుగాల చెప్పి పోతే మనకు ఏం చూపెడ్తరో మీకు తెల్వదా? రాత్రి పాళీల సాంచెలు నడుస్తుంటే పోయి చూసిన."

"లోపటికి ఎవరు రానిచ్చిన్రు?"

ఓంప్రకాష్ బల్ల అంచు మీద గోటితో గీశాడు.

ఆగయ్య ముందుకు వంగాడు. "భూషణ్ సాబ్, ఎక్కువ రాసుకున్నోన్ని పట్టుకునుడు శానాసార్లు చూసిన. తక్కువ రాసుకున్నోన్ని పట్టుకునుడు గిదే మొదలు."

"కాకా, దొంగ టూరు చేసినోడు తక్కువే రాస్తడు. ఎక్కువ రాస్తే ఆడిట్ల దొరుకుతడు. లాడ్జి లేదు, టికెట్ లేదు, ఈ గెస్ట్ హౌస్ల పేరు లేదు. షెడ్డు వాచ్‌మన్‌ను అడిగితే ఎవరూ రాలేదంటడు. మనిషి వచ్చిండని నేను దేని మీద నమ్మాలె?"

"అనుమానం మీకు ముందుగాల ఎట్ల వచ్చింది?"

"ఆఫీసుకు ఫోనొచ్చింది. మీ ఇన్‌స్పెక్టర్ భివండీల ఏ లాడ్జిల దిగలేదు అన్నడు. పేరు చెప్పలె, పెట్టేసిండు. నేను వచ్చి లాడ్జిలన్ని తిరిగిన. నిజమే."

"గంతేనా? అసలు భివండీకే రాలేదని అన్నడా?"

"లాడ్జిల దిగలేదన్నడు. రెండిటికి తేడా ఏంది?"

జవాబు కోసం ఆగకుండా భూషణ్ మళ్లీ ఓంప్రకాష్ వైపు తిరిగాడు.

"పొద్దుగాల ఎప్పుడు లేచినవ్?"

"పాళీ మారకముందే లేచిన సార్."

భూషణ్ దాన్ని 'ఉదయం' అని రాసుకున్నాడు. రిపోర్టు ఫైలు తీసి దారం ముడి విప్పాడు. నీలం, పసుపు కలిసిన నూలు పురి అది. ఆగయ్య చూపు దాని మీద ఒక క్షణం ఆగింది.

ప్యూన్ చాయ్ తెచ్చాడు. భూషణ్ ఒక కప్పు ఓంప్రకాష్ ముందుకు జరిపి, మూడింటికీ తన జేబులోంచే ఇచ్చాడు. "విచారణ ఖర్చుల చాయ్ లేదు" అన్నాడు, ఎవరూ అడగకపోయినా. ఈ మనిషి చెడ్డవాడు కాదని ఆగయ్యకు అప్పుడే అర్థమైంది. చెడ్డవాడైతే పని ఇంకా సులువయ్యేది.

"నాలుగింటికి విచారణ కాయితం మీద నేను సంతకం పెడ్త కాకా. గప్పటిదాంక మీ ఇష్టం."

వరండాలోకి వచ్చాక ఆగయ్య గొంతు తగ్గించాడు. "నాకన్న చెప్పు."

"చెప్తే వాని బతుకు పోతది కాకా. నా ఉద్యోగం పోతే పోనీ."

"వాని అన్నవ్. అంటే ఒక్కడే." ఆగయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "మీ అమ్మా నాయిన ఏడ ఉండెటోళ్లు, నువ్వు చిన్నగున్నప్పుడు?"

"శాంతి నగర్ల. గదెందుకు?"

"లాడ్జిల పన్నోడు పాళీ మారకముందే లెవ్వడు. లెవ్వాల్సిన పనేముంది?"

ఓంప్రకాష్ ముఖం పాలిపోయింది. ఆగయ్యకు కావలసిన జవాబు అదే.

* * *

మల్లవ్వ బిస్సీ శాంతి నగర్‌లో ఒక ఇరుకు సందు చివర ఉంది. సాంచెల కార్మికులు నెలకు ఇంతని కట్టి రెండు పూటలా తిని, పైన గదిలో పాళీల వారీగా పడుకునే చోటు; ఆ పేటలో పాతకాలం నుంచి ఉన్నది అదొక్కటే. వారానికోసారి కరెంటు తీసే శుక్రవారం కాబట్టి సాంచెలన్నీ ఆగిపోయి, గిన్నెల చప్పుడు కూడా వినిపిస్తోంది.

"ఏంది ఆగన్నా, శుక్రారం కూర వాసన ధామన్కర్ నాకా దాంక వచ్చిందా?" మల్లవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది.

"వాసన వచ్చింది గని పిలుపు రాలె."

"పిలువనిదె వచ్చెటోనికి పిలుపెందుకు? కూసో."

"కూసుంట గని, మీది గది జర చూస్త."

గరిటె ఆగింది. "మీద ఏముందని? పోరగాండ్లు పండుకుంటరు."

"పోయిన నెల ఓంప్రకాష్ పండుకున్నడు కద, గా జాగ చూస్త."

"ఏ ఓంప్రకాషు? నాకెవలు తెల్వదు."

"పేరు చెప్పంగనే కూర కలుపుడు మర్సిపోయినవ్ మల్లవ్వా. మాడుతది."

ఆమె గబగబా కలిపింది. తలెత్తకుండానే, "మాట ఇచ్చిన అన్నా" అంది.

"మాట తప్పకు. నువ్వేం చెప్పకు. నేనే చూసుకుంట."

నిచ్చెన మెట్లెక్కితే పొడవాటి గది. గోడ పొడుగునా కొయ్యమేకులు, కింద వరసగా చాపలు. ఒక్కో చాపకు ఎదురుగా రెండేసి మేకులు. పగటి పాళీవాడు లేచి పోతే రాత్రి పాళీవాడు వచ్చి అదే చాప మీద వాలతాడు. లేచినవాడు పోయే ముందు చాపను తిరగేసి పోవాలి. వచ్చేవాడి వీపుకు తన చెమట తగలకూడదు. ఆ గదిలో ఎవరూ ఎవరికీ చెప్పని మర్యాద అది. ఆగయ్య కూడా కుర్రతనంలో అలాంటి చాప మీద పడుకున్నవాడే.

అక్కడ చాపలు పరిచే ఉంటాయి. చుట్టడానికి వ్యవధే ఉండదు.

చివరి మేకు నుంచి కిటికీ ఊచకు ఒక దండెం కట్టి ఉంది. దాని మీద తువాలు ఆరుతోంది. ఆగయ్య తువాలు పక్కకు జరిపాడు. దండెం నూలుతాడు కాదు. ఆకుపచ్చ పట్టీ, చివర చిన్న ఇనుప బిళ్ల. ఆఫీసుల్లో ఫైళ్లు కట్టే పట్టీ. ఏ షెడ్డు ముందు చూసినా నూలు ముక్కలు కుప్పలుగా పడి ఉండే ఊళ్లో ఇలాంటిది ఎవరూ కొనరు.

దండెం కింద చాప మీద ఒకడు చద్దరు ముసుగు తన్ని పడుకున్నాడు. మిగిలినవాళ్లంతా డాబా మీద పేకాటలో ఉన్నారు. వారంలో ఈ ఒక్కరోజే ఒక చాపకు చెందిన ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఈ రోజు ఎవరూ గదిలో పడుకోరు.

ఆగయ్య పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"పేరేంది తమ్మీ?"

"జరమొచ్చింది కాక" అంది చద్దరు.

"జరమొచ్చినోని పేరేంది?"

చద్దరు కొంచెం కదిలింది. "ఓదెలు."

"నీ చాపకు రెండోవాడు పోయిన నెల ఊరికి పోయిండా?"

"పోయిండు. వాళ్ల తాత సచ్చిపోయిండు."

"గప్పుడు రాత్రిపూట ఈ చాప ఖాళీ. నువ్వు పాళీల ఉంటివి. ఓంప్రకాష్ షెడ్డు చూసి వచ్చి పండుకున్నడు. పొద్దుగాల నువ్వు వచ్చెసరికి చాప చుట్టి, గీ పట్టీతోని కట్టి, గోడకు నిలవెట్టి పోయిండు. మీ అసోంటోళ్లు చుట్టరు కద. నవ్వొచ్చిందా?"

చద్దరు కింది నుంచి ఒక ముఖం బయటికొచ్చింది. పాతికేళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి గాని జ్వరం లేదు. ఆగయ్య వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి తీసేశాడు.

"నవ్వొచ్చింది కాక. అతిథి లెక్క చుట్టిపెట్టిండు. ఫైలుకు నా దారం కట్టుకపోయిండు."

"షెడ్డు పక్క తలుపు తీసింది నువ్వే."

"నేనే."

"ఫోను చేసింది కూడ నువ్వే."

ఓదెలు లేచి కూర్చున్నాడు. కిందికి పరుగెత్తబోతాడేమోనని ఆగయ్య చూశాడు గాని కదలలేదు.

"ఎట్ల తెలిసింది?"

"ఊర్ల ఉన్న లాడ్జిలన్ని తిరిగితె గని ఏ లాడ్జిల దిగలేదని ఎవడూ చెప్పలేడు. తిరగకుండనే చెప్పినోనికి, ఆయన పండుకున్నదేడనో తెలుసు. పండుకున్నది నీ చాప మీద."

ఓదెలు మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. రిపోర్టు సంగతి తెలిసి సేఠ్ కార్మికులందరినీ నిలబెట్టాడట. తలుపు తీసిందెవడో తేలేదాకా ఎవణ్నీ వదలనన్నాడట. రిపోర్టు పనికిరాకుండా పోతే సేఠ్ వెతకడం ఆపుతాడని వీడికి తోచింది. ఎస్టీడీ బూత్‌లోకి పోయి ఫోను చేశాడు.

"ఆయన రాలేదని చెప్పమని మనసు చెప్పింది కాక. నోరు రాలె. ఒట్టి అబద్ధమాడినట్టైతది. లాడ్జిల దిగలేదని చెప్పిన. గది నిజమే కద! ఆయన నౌకరికే మోసమొస్తదని నాకేం ఎరుక? లాడ్జిల దిగకపోతె సర్కారుకు పైసలు మిగిలినయని మెచ్చుకుంటరు అనుకున్న ఒక దిక్కు."

అబద్ధం ఆడలేక ఒక నిజం చెప్పి ఇంత పని చేసినవాణ్ని ఏమని తిట్టాలో ఆగయ్యకు తెలియలేదు.

నిచ్చెన మీద మల్లవ్వ తల కనిపించింది. ఎప్పటి నుంచి వింటోందో. "ఓంప్రకాష్ వాళ్లమ్మా నేను ఒక్క చర్ఖ ముంగట కూసోని కండెలు చుట్టినోళ్లం. ఆ పిలగాడు పైసలియ్యబోతె చెయ్యి మీద కొట్టిన. గీ అన్నం ముద్దకు గింత లొల్లి అయితదనుకోలె. ఓదెలూ, లే. అంగి తొడుక్కో."

"సేఠ్ సంపుతడు అవ్వా."

"ఇప్పుడు మటుకు నువ్వు బాగ నిద్రపోతున్నవా?"

ఓదెలు అంగీ తొడుక్కున్నాడు. తర్వాత చాపను తిరగేసి వేశాడు.

* * *

భూషణ్ ఆకుపచ్చ పట్టీని బల్ల మీద పరిచి చూశాడు.

"గిది ప్రభుత్వ సొత్తు. బట్టలు ఆరేసుకునెతందుకు ఇచ్చిండా?"

"జుర్మానా వెయ్యుండ్రి, కడ్తడు" అన్నాడు ఆగయ్య. "మీ ఫైలుకు కట్టిన దారం కూడ జర చూడుండ్రి. గది మీ స్టోర్సుల దొరుకుతదా?"

భూషణ్ ఫైలు వైపు చూశాడు. పట్టీ వైపు చూశాడు. ఈ ఏడాది స్టోర్సుకు ఎర్రవి రాలేదు, ఆకుపచ్చవే వచ్చాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"పట్టీని ఎవరన్న తెచ్చి కట్టొచ్చు కాకా. నిన్ననే కట్టొచ్చు."

"కట్టొచ్చు. మనిషిని కట్టుకరాలేం కద." ఆగయ్య తలుపు వైపు తిరిగి పిలిచాడు. "రా తమ్మీ."

ఓదెలును చూడగానే మూలన కూర్చున్న ఓంప్రకాష్ లేచి నిలబడ్డాడు. "కాకా, ఏం పని చేసిన్రు! వద్దన్న కద!"

"నేనే వచ్చిన అన్నా" అన్నాడు ఓదెలు. భూషణ్ ఎదుట నిలబడి, తలుపు తీసింది, చాప ఇచ్చింది, ఫోను చేసింది, అన్నీ చెప్పాడు. భూషణ్ మధ్యలో ఆపలేదు. కలం కదల్లేదు.

చివరికి భూషణ్, "నీ మాట ఒక్కటే సరిపోదు. రేపు పంచనామా కోసం మనుషులను పిలిపిస్త. షెడ్డుల పాత సాంచెలు ఉంటే..."

"రేపటికి ఉండయి సార్."

అందరూ ఓదెలు వైపు చూశారు.

"పూర్ణ ఊర్ల గోదాములకెల్లి ఇయ్యాల కొత్తయి తెస్తున్నరు. శుక్రారం కద, పనోళ్లు ఎవరుండరు. పాతయి విప్పి లారీల ఎక్కిస్తరు. నన్ను కూడ మోయమని పిలిచిండు సేఠ్. జరమని చెప్పి ముసుగు తన్నిన. రేపు మీరు చూస్తె అన్ని కొత్తయే కనవడ్తయి. ఓంప్రకాషన్న రాసిందే అబద్ధమైతది."

భూషణ్ లేచాడు. ఫైలు చంకన పెట్టుకున్నాడు. బయట సర్కారు జీపు ఉంది. డ్రైవర్ తలుపు తీశాడు. భూషణ్ అడుగు వేయబోయి ఆగాడు.

"సర్కారు బండిల బయటోళ్లు ఎక్కరాదు."

"ఇప్పుడు గూడనా సాబ్?" ఆగయ్యకు కోపమొచ్చింది. "అక్కడ సాక్ష్యం లారీ ఎక్కుతుంటే మీరు రూలు చదువుతరా?"

"రేపు కోర్టుల సేఠ్ వకీలు గదే చదువుతడు కాకా. సాక్షిని సర్కారు బండిల తిప్పి మాట చెప్పించిన్రని. ఆటో చూడు. పైసలు నేనిస్త. ఓంప్రకాష్, నువ్వు ఈడనే ఉండు. నువ్వు షెడ్డుల అడుగు పెట్టొద్దు."

ముగ్గురూ ఆటో ఎక్కారు. కొంత దూరం పోయాక ఆగయ్య అడిగాడు.

"ఈ ఖర్చు బిల్లుల పెట్టుకుంటరా?"

"ఆటోవాడు రసీదిస్తడా?" అన్నాడు భూషణ్ విసుగ్గా. ఆ తర్వాత శాంతి నగర్ వచ్చేదాకా ఫైలుకు కట్టిన దారాన్ని వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు.

* * *

షెడ్డు షట్టర్ నడుముదాకా ఎత్తి ఉంది. ముందు లారీ. వంగి లోపలికి పోతే అటు చివర నలుగురు హమాలీలు రంగేసిన ఒక సాంచాను విప్పుతున్నారు. ఇటువైపు కొత్తవి వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఓదెలును ఆటోలోనే ఉండమని భూషణ్ గట్టిగా చెప్పాడు.

శ్రీరాములు సేఠ్ తెల్ల పైజామాలో ఎదురొచ్చాడు. ఒకప్పుడు తానూ సాంచా నడిపినవాడే. చేతివేళ్ల మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"రాండ్రి సాబ్. చెప్పకుండ వచ్చిన్రు, చాయన్న లేకపాయె. చూడుండ్రి, కొత్త సాంచెలు. మీ ఇన్‌స్పెక్టర్ ఈడికి రాకుండనే లేవని రాసిండు."

"ఎప్పుడొచ్చినయి ఇవి?"

"ఆరు నెలలాయె."

"నడుస్తున్నయా?"

"రెండు పాళీలు."

భూషణ్ దగ్గరున్న సాంచా దూలం మీద వేలు పెట్టి పొడుగునా లాగాడు. వేలెత్తి చూసుకున్నాడు. తర్వాత ఆ వేలితోనే పక్క గోడను తాకాడు. గోడ మీది నూలు పొట్టు వేలికి అట్టలా వచ్చింది. సాంచా తాకిన వేలికి కొత్త గ్రీజు తప్ప ఏమీ అంటలేదు.

"ఆరు నెలలు నూలు నేసిన సాంచా మీద నూలు పొట్టు లేదు సేఠ్. గోడకు మాత్రం ఉంది."

సేఠ్ నవ్వు ముఖం మీదే ఉంది గాని కళ్లలో లేదు. "తుడిపిచ్చిన. శుక్రారం సఫాయి."

"గట్లనా? గా లారీ సఫాయికే వచ్చిందా?" అన్నాడు ఆగయ్య.

సేఠ్ ఆయన్ను పట్టించుకోలేదు. "సాబ్, మీరు చదువుకున్నోళ్లు. మీకు ఈ శుక్రారం సంగతి ఎవడో చెప్పిండు. తలుపు తీసినోడు, ఇయ్యాల మిమ్ముల తోలుకొచ్చినోడు ఒక్కడే. వాని పేరు చెప్పి పోండ్రి. మీ కాయితం ఎట్లన్న రాసుకోండ్రి, నేనేమనుకోను."

"పేరు మీకెందుకు?"

"నా అన్నం తిన్నోడు గద. తెల్వాలె."

షట్టర్ కింది నుంచి రెండు కాళ్లు కనిపించాయి. తర్వాత వంగిన వీపు. ఓదెలు లోపలికొచ్చి నిటారుగా నిలబడ్డాడు.

"నేనే సేఠ్. గా రోజు నేనే, ఇయ్యాల నేనే."

హమాలీల చేతుల్లో పానాలు ఆగిపోయాయి. సేఠ్ ఓదెలును పైనుంచి కిందిదాకా చూసి, షట్టర్ కింద వంగి చూస్తున్న లారీ డ్రైవర్‌కు తల ఊపాడు.

షట్టర్ పెద్ద చప్పుడుతో దిగింది. బయట గొళ్లెం పడింది. కరెంటు లేని షెడ్డులో ఎవరి ముఖం ఎవరికీ కనిపించలేదు.

"ఓదెలూ." చీకట్లో సేఠ్ గొంతు మెత్తగా వచ్చింది. "పెద్దసాబ్‌లకు ఏం కాదు. వాళ్లు ఇంటికి పోతరు. నువ్వొక్కనివి ఇటు రా."

ఓదెలు చెప్పుల చప్పుడు ఒక అడుగు ముందుకు పడింది. ఆగయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు. అంతలో వాళ్లిద్దరినీ దాటుకొని ఎవరో ముందుకు పోయి నిలబడ్డారు. ఫైలు చంకలోంచి జారి నేల మీద పడింది. దాన్ని తీసుకోవడానికి ఆ మనిషి వంగలేదు.

"వాడు నా సాక్షి సేఠ్" అన్నాడు భూషణ్. "ఇప్పుడు వాడు సర్కారు పని మీద ఉన్నడు. ముందుగాల నన్ను దాటు."

అటు చివర హమాలీల్లో ఎవరో నేల మీది ఇనుప గడ్డపార ఎత్తిన చప్పుడైంది.